పియానో ముందు తల పట్టుకున్నావిడ

ప్రశ్న: రోజూ రాత్రి పడుకోబోయే ముందు స్ఫూర్తినిచ్చే ప్రసంగాలు చూస్తుంటాను. చూస్తున్నంతసేపూ రేపట్నుంచి మారిపోవాలనిపిస్తుంది. తెల్లారేసరికి ఏం విన్నానో కూడా గుర్తుండదు. నిజంగా చూడదగ్గవి ఏవైనా చెప్పండి.
- ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: కొన్నాళ్లు నాదీ ఇదే జబ్బు. ఒక ఆదివారం వరసపెట్టి పద్నాలుగు ప్రసంగాలు చూశాను. వాటిలో మూడు పనులు వాయిదా వేయకూడదన్న విషయం మీదే. ఆ వారం ఈ శీర్షిక మాత్రం రెండు రోజులు ఆలస్యంగా పంపాను. అప్పట్నుంచి ఎలా బతకాలో చెప్పేవాళ్లని తగ్గించి, తమ పని చేసుకుంటున్నవాళ్లని చూడటం మొదలుపెట్టాను.

ముందుగా, పోర్చుగల్ పియానో విద్వాంసురాలు మరియా జువావ్ పిరెస్ వీడియో చూడండి. కొద్ది నిమిషాలదే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని కన్సర్ట్‌హెబౌ హాల్లో, శ్రోతల ముందు రిహార్సల్. వాద్యబృందాన్ని నడిపించే రికార్డో షాయీ కర్ర ఎత్తగానే ఆర్కెస్ట్రా మోజార్ట్ 20వ కన్సర్టో (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన) మొదలుపెట్టింది. ఆవిడ సిద్ధమై వచ్చింది మోజార్ట్‌దే ఇంకో కన్సర్టోకి! ఒక సబ్జెక్టు చదువుకుని వెళితే చేతికి ఇంకో పేపరు వచ్చినట్టు. అది కూడా హాలంతా చూస్తుండగా. ఈ కన్సర్టోలో పియానో అందుకోవడానికి ముందు రెండు నిమిషాల పైచిలుకు ఆర్కెస్ట్రాదే. ఆవిడకున్న గడువు అంతే. తల పట్టుకుంటుంది, షాయీతో ఏదో చెప్పుకుంటుంది. ఆయన కర్ర ఆపడు. నవ్వుతూనే, నీకు వచ్చులే అన్నట్టు ధైర్యం చెబుతాడు. ఆ తర్వాత ఆవిడ మొహంలోంచి మాటలు పోతాయి, వినడం ఒక్కటే మిగులుతుంది. తన వంతు రాగానే వేళ్లు మీటల మీదికి వెళ్లిపోతాయి. ఎదురుగా కాగితం లేదు, అంతా జ్ఞాపకంలోంచే.

దీన్ని పంచుకునేవాళ్లు 'ఆత్మవిశ్వాసం' అని శీర్షిక పెడుతుంటారు. నాకెప్పుడూ ఒప్పుదల కాలేదు. ఆ రెండు నిమిషాల్లో ఆవిడ దగ్గర ఆత్మవిశ్వాసం బొత్తిగా లేదు, కావాలంటే మళ్లీ చూడండి. ఉన్నదల్లా ఎప్పుడో చేసి పెట్టుకున్న సాధన.

రెండోది ర్యాండీ పాష్ ప్రసంగం. కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసరు, క్లోమగ్రంథి క్యాన్సర్. 2007 సెప్టెంబర్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మాట్లాడాడు, 2008 జులైలో పోయాడు. వేదిక మీద దండీలు తీసే ముక్క అందరూ చూసే ఉంటారు. ముక్కలు చూడకండి. గంటా పావు పైగా సాగే ఆ మాటలు ఎవరి కోసం దాచిపెట్టాడో చివరి నిమిషంలో గానీ చెప్పడు. నేను చెప్పేస్తే మీకు చూసే పని తప్పించినవాణ్ణవుతాను.

స్వీడన్ ప్రజారోగ్య ప్రొఫెసరు హాన్స్ రోస్లింగ్ 2006లో ఇచ్చిన టెడ్ ప్రసంగం సరదాకి. రెండేసి దేశాల పేర్లిచ్చి ఎక్కడ శిశు మరణాలు ఎక్కువని ఐదు ప్రశ్నలు అడిగితే అక్కడి తన విద్యార్థులు చింపాంజీల కంటే వెనకబడ్డారంటాడు. చింపాంజీలు గుడ్డిగా ఎంచుకున్నా సగం ఒప్పవుతాయి కదా! ఆ తర్వాత తెర మీద దేశాలు బుడగలై కదులుతుంటే, ఆయన క్రికెట్ వ్యాఖ్యాతలా ఊపిరి తీసుకోకుండా చెబుతాడు.

అమెరికా భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ 1964లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఏడు ఉపన్యాసాలు కూడా ఉన్నాయి. వారానికొకటి చాలు. భౌతికశాస్త్రం రాకపోతే మొదటి దాంతో ఆగినా నష్టం లేదు, నేను మూడో దాంట్లో ఆగిపోయాను.

అన్నట్టు, ఇవేవీ పడుకోబోయే ముందు చూడకండి. నిద్రమత్తులో వేసుకున్న ప్రణాళికలన్నీ గొప్పగానే ఉంటాయి.

ప్రశ్న: వేగం రెండింతలు పెట్టి చూస్తే తప్పా?
- ఒక పాఠకుడు

జవాబు: రోస్లింగ్‌ని పెట్టి చూడండి, ఆయనే మీకంటే ముందుంటాడు. పిరెస్‌కి మాత్రం పెట్టకండి. పాపం, ఆవిడకున్నదే రెండు నిమిషాలు.