రాత్రిపూట అడవి రోడ్డు మూసేయాల్సిందేనా?

ప్రశ్న: సార్, కర్ణాటకలోని బందీపూర్ అడవిలోంచి వెళ్లే హైవేని రాత్రి 9కే ఆపేస్తారు. జంతువుల్ని కాపాడాలి, కాదనను, కానీ స్పీడ్ బ్రేకర్లు వేసి, 40 దాటొద్దని బోర్డు పెడితే సరిపోదా?

జవాబు: బోర్డు చూసి స్లో చేసేవాళ్లు ఎంతమందో మీకూ తెలుసు నాకూ తెలుసు. ఒక చిన్న లెక్క చూడండి. 80లో వెళ్తుంటే బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది, జింకని చూసి కాలు బ్రేక్ మీదకి వెళ్లేలోపే 30 మీటర్లు అయిపోతాయి, ఆ తర్వాత ఆగడానికి ఇంకో 30, 40... డిమ్ లైటు అంత దూరం ఎక్కడ పడుతుంది? అదే 40లో ఐతే మొత్తం కలిపి 25, 30 మీటర్లలో ఆగిపోతుంది. అందుకే బ్రేకర్లు దండగ అనను, పగలు అవే దిక్కు. కాకపోతే ఒక బ్రేకర్ దాటగానే మళ్లీ తొక్కేస్తారు, తంటా అంతా అక్కడే.

రాత్రి సంగతి వేరు. లైట్లు కళ్లలో పడితే జింక చాలాసార్లు పరిగెత్తదు, అక్కడే కొయ్యబారిపోతుంది. పాములైతే పగలంతా కాగిన తారు వెచ్చగా ఉంటుందని దాని మీదకే వచ్చి పడుకుంటాయి, పైగా ఒకటి చస్తే దాన్ని తినడానికి నక్క వస్తుంది, తర్వాత లారీ కింద అదీ పోతుంది. 2009లో ఈ రాత్రి నిషేధం పెట్టింది ఇందుకే. పొద్దున 6కి మళ్లీ వదులుతారు, అంబులెన్సుల్లాంటివి, కొన్ని బస్సులు మధ్యలో కూడా వెళ్తాయి కాబట్టి పూర్తిగా మూసేశారనడం కూడా కరెక్ట్ కాదు లెండి.

మూయకుండా వేరే దారి లేదా అంటే ఉంది, కానీ డబ్బు పోయాలి. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న పెంచ్ పులుల అడవి దగ్గర 44వ నంబర్ హైవేని అక్కడక్కడా పైకి లేపి కింద జంతువులకి దారి వదిలారు, వాటిల్లో పెద్దది 750 మీటర్లు, దానికిందనుంచి పులులు కూడా నడిచెళ్లడం కెమెరాల్లో పడింది. అంతేగానీ ఇరుకు తూము ఒకటి పెట్టేసి ఇందులోంచి పొమ్మంటే ఏనుగు పోతుందా?

ప్రశ్న: అడవిలో కారు ఆపి కోతులకి బిస్కెట్లు వేస్తే తప్పేంటి?

జవాబు: తప్పే అండీ. రోడ్డంటే తిండి అని వాటికి మనమే నేర్పుతున్నాం, రేపు ఇంకో కారు కనపడగానే పిల్లతో సహా ఎదురొస్తాయి, ఆ కారువాడు ఆపడు.