రాగి ఫ్యాక్టరీ లోన్‌కు నా ఇల్లు తాకట్టు పెట్టమంటున్నారు

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని, ఉండేది కర్నూలులో. మా అల్లుడు, అతని స్నేహితుడు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి, ఓర్వకల్లు దగ్గర పాత కేబుళ్లు, కాలిపోయిన బోరు మోటార్ల నుంచి రాగి తీసి కరిగించే యూనిట్ కడతామంటున్నారు. 2 కోట్ల లోన్‌కు బ్యాంకు నా ఇంటి పత్రాలు, గ్యారంటీ సంతకం అడుగుతోంది. పొల్యూషన్ బోర్డు అనుమతి ఇంకా రాలేదు. పొగ వస్తుందని పక్క ఊరివాళ్లు అభ్యంతరం చెబుతున్నారు. రేపు ఫ్యాక్టరీ మూతపడితే నా ఇల్లు పోతుందా?

జవాబు: పోవచ్చు సార్. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవారికి ఎంత బాధ్యతో హామీదారుకూ అంతే. ముందు వాళ్లను అడిగి తర్వాత నా దగ్గరికి రండి అనే హక్కు మీకు లేదు. సుప్రీంకోర్టు 1968లోనే ఈ సంగతి తేల్చింది. నీటి కాలుష్య చట్టం సెక్షన్ 33ఎ కింద బోర్డు ఫ్యాక్టరీని మూయించగలదు, కరెంటు కూడా తీయించగలదు. అయినా కిస్తీలు ఆగవు. కిస్తీ బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. అప్పుడు బ్యాంకుల బాకీ వసూలుకున్న సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే ఇంటిని వేలం వేయగలదు. ఆ చట్టంలో పొలానికి మినహాయింపు ఉంది, ఇంటికి లేదు.

అందుకే అనుమతి చేతికి రాకముందు సంతకం పెట్టకండి. పొల్యూషన్ బోర్డు నుంచి కట్టడం మొదలుపెట్టే ముందు సీఎఫ్‌ఈ (స్థాపన అనుమతి), నడిపే ముందు సీఎఫ్‌ఓ (నడిపే అనుమతి) కావాలి. పీవీసీ తొడుగున్న రాగి వైరు ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తుంది కాబట్టి, ఆ వ్యర్థాలపై ఉన్న 2016 నిబంధనల ప్రకారం విడిగా ఆథరైజేషన్ కూడా తీసుకోవాలి. సీఎఫ్‌ఈ వచ్చాకే డబ్బు విడుదల చేస్తామని శాంక్షన్ లెటర్‌లో రాయించండి.

కేబుల్ తొడుగు ఎలా తీస్తారో మీ అల్లుణ్ణి గట్టిగా అడగండి. మెషిన్‌తో ఒలిస్తే సరే. తగలబెడితే మాత్రం పీవీసీ నుంచి డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అనే విష పదార్థాలు వస్తాయి. అవి తయారవడానికి రాగి కూడా తోడ్పడుతుంది. మోటార్ల వైండింగ్ కాల్చినా విషపు పొగే. కాబట్టి ఊరివాళ్ల భయం న్యాయమైనది, దాన్ని కుట్రగా చూడకండి. కూర్చుని మాట్లాడమనండి. వాళ్లు చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంచికి వెళ్తే నష్టపరిహారం కూడా పడవచ్చు. ఆ భారం పడ్డాక కంపెనీ దగ్గర కిస్తీకి ఏం మిగులుతుంది?

ప్రాజెక్టు రిపోర్టు తెప్పించుకుని చూడండి. పొగను శుభ్రం చేసే బ్యాగ్ ఫిల్టర్, స్క్రబ్బర్, ఇంకా మిగిలిన బూడిద, చిట్టెం (లోహం కరిగించాక మిగిలే మడ్డి) పారవేసే ఖర్చు అందులో ఉన్నాయా? ఇవి తర్వాత చూసుకుందాం అన్నారంటే 2 కోట్లు చాలవు, మళ్లీ మీ దగ్గరికే వస్తారు.

సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు సీజీటీఎంఎస్‌ఈ అనే రుణ హామీ పథకంలో తాకట్టు, మూడో మనిషి గ్యారంటీ లేకుండా లోన్ ఇవ్వవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి దాని పరిమితి 10 కోట్లు. ఈ లోన్‌కు అది ఎందుకు వర్తించదో బ్యాంకును రాతపూర్వకంగా అడగమనండి. అయినా సంతకం తప్పదనుకుంటే, మీ బాధ్యత ఫలానా మొత్తానికే అని పత్రంలో రాయించండి. లోన్ షరతులు మీకు చెప్పకుండా మార్చే హక్కు బ్యాంకుకు ఇచ్చే క్లాజు ఉంటే కొట్టేయమనండి.

ఒకవేళ ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే, సర్ఫేసీ చట్టం సెక్షన్ 13(2) కింద బాకీ కట్టమనే నోటీసు వచ్చిన రోజు నుంచి 60 రోజులు లెక్కపెట్టుకుని, ఆలోపే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఇంటిని స్వాధీనం చేసుకునే చర్య మొదలుపెడితే, 45 రోజుల్లో డెట్ రికవరీ ట్రిబ్యునల్‌లో అదే చట్టం సెక్షన్ 17 కింద దరఖాస్తు వేయాలి.