సెల్ఫ్ ‘టక్’ మని ఆగిపోతే మోటారు మార్చాలా?

ప్రశ్న: నాది ఐదేళ్ల 125 సీసీ బండి. వానలు మొదలైనప్పటి నుంచి సెల్ఫ్ నొక్కితే ‘టక్’ మని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోతోంది. కిక్ కొడితే వెంటనే అందుకుంటోంది. హారన్ బాగానే మోగుతోంది. పర్లాకిమిడిలో చూపిస్తే సెల్ఫ్ మోటారు మార్చాలన్నారు. ఇంట్లో బాగుచేసుకోలేమా?
– ఒక పాఠకుడు, కాశీనగర్, గజపతి జిల్లా

జవాబు: చేసుకోవచ్చండి. మోటారుకు డబ్బు పెట్టే ముందు ఒక మల్టీమీటరు (వోల్టులు, కనెక్షన్ చూసే మీటరు) కొనండి. హారన్ మోగినంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు. సెల్ఫ్ మోటారు లాగే కరెంటు హారన్‌కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే బ్యాటరీ దగ్గర కొలిస్తే 12.6 వోల్టుల దాకా ఉండాలి. 12.4 కంటే తగ్గితే ఛార్జింగ్ పెట్టండి. 5 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీకి అర ఆంపియరు చాలు, కారు ఛార్జరు తగిలించవద్దు. నిండా ఛార్జయినా, సెల్ఫ్ నొక్కగానే 10 వోల్టుల కిందికి పడిపోతుంటే వేరే బండి బ్యాటరీ పెట్టి చూడండి. అయితే బ్యాటరీ నీరసిస్తే మామూలుగా ‘టకటకటక’ మని వరసగా కొట్టుకుంటుంది. మీకు ఒక్క ‘టక్’ వస్తోంది కాబట్టి నా అనుమానం రిలే (సెల్ఫ్ నొక్కగానే బ్యాటరీ కరెంటును మోటారుకు కలిపే స్విచ్) మీద, బ్యాటరీ మైనస్‌ను ఇంజన్‌కు కలిపే ఎర్త్ వైరు మీద.

బండి న్యూట్రల్‌లో ఉంచి, రిలే మీది రెండు లావు బోల్టులకు మీటరు పుల్లలు ఆనించండి. 12 చూపిస్తుంది. సెల్ఫ్ నొక్కితే అది సున్నా దగ్గరికి రావాలి. ‘టక్’ మన్నాక కూడా 12 దగ్గరే నిలిచిపోతే లోపలి పాయింట్లు కాలిపోయాయి, రిలే మార్చాలి. తర్వాత ఒక పుల్ల బ్యాటరీ మైనస్‌కు, రెండోది ఇంజన్ మీద రంగులేని చోట ఆనించి సెల్ఫ్ నొక్కండి. 0.3 వోల్టులు దాటితే ఎర్త్ పట్టడం లేదన్నమాట. బురద నీళ్లు తగిలే బండ్లలో ఆ వైరు కొస దగ్గర పచ్చటి చిలుము పేరుకుంటుంది. బోల్టు విప్పి, రాగి మెరిసేదాకా గీకి, బిగించి పైన గ్రీజు పూయండి.

ఇవన్నీ బాగుంటేనే మోటారు విప్పండి. ముందుగా బ్యాటరీ మైనస్ తీసేయాలి. మోటారు మూతకీ బాడీకీ అడ్డంగా ఒక గీత గీసుకుని, రెండు పొడుగు బోల్టులు తీయండి. షాఫ్టు మీది పల్చటి వాషర్లు ఎన్ని, ఏ వరసలో ఉన్నాయో ఫోటో తీసుకోండి. చాలామంది తప్పేది ఇక్కడే. కార్బన్ బ్రష్‌లు సగానికి అరిగినా, గూట్లో ఇరుక్కుని జారకపోయినా షాఫ్టు మీది రాగి పట్టీలకు సరిగా ఆనవు. నల్లటి పొడిని కుంచెతో దులిపి, పట్టీలను 600 నంబరు శాండ్ పేపరుతో తేలిగ్గా రుద్దండి. పట్టీల మధ్య సందుల్లో పొడి మిగలకూడదు. మీటరు ఓమ్స్‌లో పెట్టి చూస్తే పక్కపక్క పట్టీల మధ్య కనెక్షన్ ఉండాలి, పట్టీకీ షాఫ్టుకీ మధ్య ఉండకూడదు. పట్టీకీ షాఫ్టుకీ మధ్య కనెక్షన్ ఉంటే మాత్రం మోటారు మార్చాల్సిందే. బిగించేటప్పుడు ఓ-రింగు (రబ్బరు రింగు) కొత్తది వేసి, దానికి ఇంజనాయిల్ రాయండి.

ప్రశ్న: సెల్ఫ్ మోటారు గిర్రున తిరుగుతోంది, ఇంజన్ మాత్రం కదలదు. బ్రష్‌లు మారిస్తే సరిపోతుందా?
– గుణుపురం నుంచి

జవాబు: సరిపోదు. మీ మోటారు బాగుంది. మాగ్నెట్ వెనక ఉండే, మోటారు తిప్పుడును ఇంజన్‌కు అందించే వన్‌వే క్లచ్‌లో రోలర్లో స్ప్రింగులో అరిగి జారుతున్నాయి. ఇది ఇంట్లో చేసే పని కాదు. మాగ్నెట్ తీయడానికి మీ మోడల్‌కు సరిపోయే పుల్లరు (లాగి తీసే పనిముట్టు) ఉన్న మెకానిక్ దగ్గరకే వెళ్లండి. సుత్తితో కొట్టి తీస్తే మాగ్నెట్ పగులుతుంది.