ముగింపు ముందే తెలిసిన ప్రేమకథలు ఎందుకు చదువుతానంటే

"అమెరికాలో క్రైస్తవ ప్రేమ నవలలని ఒక రకం ఉన్నాయట. పల్లెటూరు, గోధుమ చేను, చర్చి, చివర పెళ్ళి. ముద్దు కూడా ఆఖరి పేజీలోనే. ముగింపు ముందే తెలిసిపోయే పుస్తకాలు ఎవరు చదువుతారు, ఎందుకు?" అని మీరు అడిగారు.

నేను చదువుతాను. పెన్సిల్వేనియాకు వచ్చిన కొత్తలో పబ్లిక్ లైబ్రరీలో మొదలుపెట్టాను, ఇప్పటికీ మంచం పక్కన ఒకటి ఉంటుంది. మీ ప్రశ్నలో ఒక్క మాట ముందు సరిచేస్తాను. ఈ రకంలో మంచి నవలల్లో పెళ్ళి చివర రాదు, మొదట్లోనే అయిపోతుంది. ప్రేమ ఆ తర్వాత వస్తుంది, అదీ చాలా ఆలస్యంగా. అమెరికా పాఠకురాలికి ఇదో వింత. మనకు ఇంట్లో సంగతి. అందుకే నా గట్టి నమ్మకం ఏమిటంటే, ఈ పుస్తకాలు రాసింది వాళ్ళే అయినా వీటిని చదవడం బాగా తెలిసింది మన తెలుగు ఆడవాళ్ళకే.

జానెట్ ఓక్ అనే కెనడా రచయిత్రి 1979లో రాసిన 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' తీసుకోండి. ఇవాళ పుస్తకాల షాపుల్లో ఈ రకానికి విడిగా అరలున్నాయంటే దారి వేసినవాటిలో అది ముఖ్యమైనది. మార్టీ చిన్న వయసు పిల్ల. భర్తతో కలిసి బండి కట్టుకుని పడమటికి బయల్దేరితే దారిలో భర్త చనిపోతాడు. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. పూడ్చిపెట్టిన రోజే క్లార్క్ అనే రైతు వచ్చి పెళ్ళి మాట ఎత్తుతాడు. నా భార్య పోయింది, చంటిపిల్ల ఉంది, దానికి తల్లి కావాలి. నువ్వు ఇల్లు చూసుకో. వసంతంలో తూర్పుకు బళ్ళు వెళ్ళేటప్పుడు వెళ్ళిపోతానంటే ఖర్చులిచ్చి పంపిస్తాను, కానీ నా కూతుర్ని కూడా నీతో తీసుకెళ్ళాలి అంటాడు. పెళ్ళయ్యాక ఆమెను ఇంట్లో ఉంచి, తను ఇంటికి ఆనించి కట్టిన చిన్న గదిలో పడుకుంటాడు.

చావు రోజే పెళ్ళి మాటా అని చాలామందికి కోపం వస్తుంది. అప్పట్లో ఆ పల్లెల్లో ఊరికో పాస్టరు లేడు. గుర్రమెక్కి ఊళ్ళు తిరిగే బోధకుడు ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు, పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, సమాధి ప్రార్థనలు అన్నీ ఆయన ఉన్నప్పుడే జరిగిపోవాలి. ఆయన వెళ్ళిపోతే మళ్ళీ వసంతం దాకా రాడు. పెళ్ళి కాకుండా ఒకే గడపలో ఉంటే ఊరు ఊరుకోదు, ఒంటరిగా బండిలో ఉంటే చలికాలం బతకనివ్వదు. ఒక్క అయ్యగారు నాలుగైదు సంఘాలు చూసుకునే గుంటూరు పల్లెల నుంచి వచ్చినదాన్ని కాబట్టి నాకు ఇది వెంటనే అర్థమైంది.

ఒక చలికాలం అమ్మ విజిటర్ వీసా మీద మా ఇంటికి వచ్చింది. బయట మంచు, అడుగు పెట్టలేం. యూట్యూబ్‌లో సీరియళ్ళు కూడా విసుగొచ్చాయి. అమ్మ వారపత్రికల్లో సీరియల్ నవలలు చదివి పెరిగిన మనిషి, ఇంగ్లీషు మాత్రం రాదు. సాయంత్రాలు తను వంటింటి బల్ల దగ్గర కూరగాయలు ముందేసుకుని కూర్చుంటే, ఈ పుస్తకం పక్కన పెట్టుకుని పేజీ పేజీ తెలుగులో చెప్పుకుంటూ పోయాను.

మార్టీకి వంట రాదు. పూటపూటా పాన్‌కేకులే. క్లార్క్ నోరెత్తకుండా తింటాడు. "పాపం, దానికి ఎవరూ నేర్పలేదమ్మా" అంది అమ్మ. క్లార్క్ ఎలా ఉంటాడు, ఒడ్డూ పొడుగూ ఎంత, ఇవేవీ తనకు పట్టలేదు. అడిగిందల్లా చంటిపిల్ల మిస్సీ గురించే. తిందా? ఎవరి దగ్గర పడుకుంది? ఆ పిల్ల మార్టీని అమ్మా అని ఎప్పుడు పిలుస్తుంది? నేను ముందు పేజీలు తిరగేసి చెప్పబోతే "వద్దులే, దాని టైం వచ్చినప్పుడే చెప్పు" అంది.

మిస్సీ కొత్తమ్మను దగ్గరికి రానివ్వకుండా ఏడ్చే చోట, చిక్కుడుకాయల పీచు తీస్తున్న చెయ్యి ఆగిపోయింది. "మీ నాయనమ్మ పడింది కూడా ఇదే కదమ్మా" అంది. నాయనమ్మది రెండో సంబంధం అనీ, పెద్దత్త ఆమె కడుపున పుట్టలేదనీ నాకు తెలుసు. అంతకు మించి మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ మాట్లాడలేదు. ఆ సాయంత్రం అమ్మ మొత్తం చెప్పింది. తాతయ్య మొదటి భార్య కాన్పులో పోయిందట. నాయనమ్మ కాపురానికి వచ్చాక కూడా తెచ్చుకున్న రేకు పెట్టెకు కట్టిన తాడు విప్పకుండా మూలన పెట్టుకుందట. కట్టుకోవడానికి పైన మూటలో తెచ్చిన రెండు చీరలే. తాతయ్య బయట అరుగు మీద పడుకునేవాడట. పెద్దత్త ఆమె చేతి ముద్ద తినేది కాదు, నాన్న పొలం నుంచి వచ్చేదాకా పస్తే. ఒక మధ్యాహ్నం కాల్లో తుమ్మముల్లు దిగింది. పక్కనే గొడ్ల దగ్గర తండ్రి ఉన్నా, ఆ పిల్ల కుంటుకుంటూ వంటపాక వైపు పరిగెత్తిందట. నాయనమ్మ పిన్నీసుతో ముల్లు తీసి, పసుపు అద్ది, గుడ్డ కట్టడానికి పాత గుడ్డ దొరక్క పెట్టె తాడు విప్పింది. "మళ్ళీ కట్టలేదంట. అత్తయ్య నాకు చెప్పింది, నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు" అంది అమ్మ. పొయ్యి మీద పప్పు అడుగంటింది, ఇద్దరం చూసుకోలేదు.

మీరు అడిగిన "ముగింపు ముందే తెలుసు కదా" అన్నదానికి నా జవాబు ఇక్కడే ఉంది. వాళ్ళిద్దరూ కలిసి ఉంటారా అన్నది ఈ కథల్లో ప్రశ్నే కాదు. పెట్టె తాడు ఎప్పుడు విప్పుతుంది, ఎందుకు విప్పుతుంది అన్నదే ప్రశ్న. అది ఒక చూపుతోనో వానలో పాటతోనో జరగదు. వంట నేర్చుకోవడం, జబ్బు చేసిన పిల్లను రాత్రంతా ఎత్తుకు తిరగడం, పక్క పొలం ఆవిడ వచ్చి పక్కన కూర్చోవడం, వీటిమీదుగా జరుగుతుంది. ఆ నవలలో గ్రహమ్ ఇంటి పెద్దావిడ ఒకరు ఉంటారు. ఆమెదీ మారు పెళ్ళే, భర్తదీ మారు పెళ్ళే. తనకు భర్త మీద ఇష్టం ఎలా కలిగిందో మార్టీకి చెప్పే ఘట్టం కోసం ఆ పుస్తకం ఎన్నిసార్లయినా చదవొచ్చు.

దీన్ని 2003లో హాల్‌మార్క్ టీవీ ఛానల్ వాళ్ళు సినిమా తీశారు. ఫొటోగ్రఫీ బాగుంది, నటులు బాగున్నారు. కానీ చంకలో ఉండాల్సిన మిస్సీని గుర్రం ఎక్కే ఈడు పిల్లను చేసేశారు. మాటలొచ్చిన పిల్ల అలిగితే బుజ్జగించొచ్చు. మాటలు సరిగా రాని పసిదాన్ని ఎలా గెలుచుకుంటావు? ఆ కష్టమంతా సినిమాలో లేకుండా పోయింది. దయచేసి సినిమా ముందు చూడకండి.

ఈ మధ్య వస్తున్న ఈ రకం నవలల మీద నాకు ఇంకో పెద్ద ఫిర్యాదు ఉంది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం అక్కడ 160 ఎకరాల ప్రభుత్వ భూమి తీసుకుని, ఐదేళ్ళు అక్కడే ఉండి సాగు చేస్తే పట్టా వచ్చేది. ఇరవై ఒక్కేళ్ళు నిండిన పెళ్ళికాని ఆడపిల్ల, భర్త పోయిన ఆవిడ కూడా తన పేరు మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు. భర్తతో ఉన్న ఆవిడకు మాత్రం మామూలుగా కుదరదు. అంటే దరఖాస్తు పెట్టకముందే పెళ్ళాడితే ఆ నేల మీద తన హక్కు పోయినట్టే. కథకు ఇంతకంటే మంచి ముడి ఏం కావాలి? నిజంగానే చాలామంది ఒంటరి ఆడవాళ్ళు అలా భూమి సంపాదించుకున్నారు. అది వదిలేసి, నీళ్ళు తోడుకోవడం కూడా రాని అమ్మాయిని గుర్రం మీంచి పడేసి హీరో చేతుల్లో పెడతారు. ఇక ఆ నేల అంతకుముందు ఎవరిదో, వాళ్ళను ఎలా తరిమేశారో నేను చదివినవాటిలో ఎక్కువ పుస్తకాలు ఎత్తవు. దేవుని పేరు చెప్పుకుని రాసేవాళ్ళు ఎత్తి తీరాలి. పక్క జిల్లా లాంకాస్టర్‌లో పాతకాలం పద్ధతుల్లోనే బతికే క్రైస్తవ సంఘం ఆమిష్ వాళ్ళ మీద వచ్చే నవలలదీ అదే తంతు. చాలామటుకు రాసేది బయటివాళ్ళు, అట్ట మీద మాత్రం టోపీ కట్టుకున్న అమ్మాయి.

మన సంఘాల్లో పెద్దలకు కూడా ఒక మాట. బైబిలు ఉండగా నవలలెందుకు అంటారు. రూతు కథ ఏమిటండీ మరి? భర్త పోయిన పిల్ల, అత్తను వదలకుండా పరాయి ఊరికి వచ్చి, పరిగె ఏరుకుని, బోయజు ఇంటి ఇల్లాలైంది. నాలుగే అధ్యాయాలు, అందులో కరువుంది, చావుంది, పొలం పనుంది, పెళ్ళి ఉంది. మన క్రైస్తవ పుస్తకాల షాపుకెళితే ప్రసంగాలు, పాటల పుస్తకాలు, అనుదిన ధ్యానాలు దొరుకుతాయి. పదహారేళ్ళ పిల్ల చేతిలో పెట్టడానికి ఒక్క మంచి కథ అడిగితే షాపు ఆయన నా మొహం చూశాడు.

పెద్ద వయసు వాళ్ళ కథ కావాలంటే జాన్ కరోన్ మిట్‌ఫర్డ్ నవలలు మొదలుపెట్టండి, మొదటిది 1994లో వచ్చింది. కొండ మీద చిన్న ఊరు. హీరో అరవై ఏళ్ళ పాస్టరు, పైగా షుగర్ పేషెంటు. పక్కింటావిడ పిల్లల పుస్తకాలు రాస్తుంది. ఎక్కడినుంచో వచ్చి చేరిన పెద్ద కుక్క, వాక్యం చదివితే తప్ప అల్లరి మానదు. మా అత్తగారి వయసు వాళ్ళకు కూడా నచ్చుతుంది.

నాకు అన్నిటికంటే కావాల్సిన నవల మాత్రం ఇంతవరకు దొరకలేదు. మా గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి డాక్టరమ్మ అన్నా కుగ్లర్ ఇదే పెన్సిల్వేనియా నుంచి వచ్చింది. డాక్టరు చదువు చదివి 1883లో గుంటూరులో దిగితే, మిషన్ బోర్డు వైద్యానికి ఇంకా సిద్ధంగా లేదని ముందు వేరే పని అప్పజెప్పింది. ఆమె మందుల సంచి పక్కన పెట్టలేదు. 1898లో ఆసుపత్రి తెరిచింది, పెళ్ళి చేసుకోలేదు, 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఆమె వెంట ఇంటింటికీ తిరిగిన మన తెలుగు అమ్మాయి ఒకతె ఉండే ఉంటుంది కదా, కాంపౌండరుకో బడిపంతులుకో ఇచ్చి పెళ్ళి చేసిన పిల్ల. ఆ పిల్ల కథ, ఆ ఎండ, ఆ ఎడ్లబండి, ఆ కీర్తనలతో ఎవరైనా తెలుగులో రాసి ఉంటే కింద పేరు పెట్టండి. ఈ వారమే మా తమ్ముడితో కొనిపించి పంపమంటాను, అమ్మకు ఒకటి, నాకు ఒకటి.