మియాపూర్ ఫ్లాట్ ఉంచుకుని రెడింగ్‌లో ఇల్లు కొంటే

ప్రశ్న: మా వారూ నేనూ ఐదేళ్లుగా ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ అద్దె ఇంట్లో ఉంటున్నాం. 3,60,000 పౌండ్ల లీజ్‌హోల్డ్ (అంటే లీజు ఉన్న ఏళ్ల వరకే మనదయ్యే) ఫ్లాట్ ఒకటి నచ్చి ఆఫర్ పెట్టాం. యజమాని ఒప్పుకున్నారని ఎస్టేట్ ఏజెంట్ ఈమెయిల్ పంపారు. లీజు ఇంకా 84 ఏళ్లు ఉంది. మా వారి పేరిట మియాపూర్‌లో 75 లక్షలు చేసే ఫ్లాట్ ఉంది, నెలకు 22,000 రూపాయల అద్దె వస్తోంది. నా పేరిట ఎక్కడా ఏమీ లేదు. గుంటూరులో సొంత ఇంట్లో ఉండే మా నాన్నగారు 25 లక్షలు ఇస్తామంటున్నారు, తన పేరు కూడా పత్రాల్లో ఉండాలని ఆయన కోరిక. ఆఫర్ ఒప్పుకున్నాక ఇల్లు మాదైనట్టేనా? నా ఒక్కదాని పేరిట కొంటే మొదటి ఇంటికి ఇచ్చే పన్ను రాయితీ వస్తుందా? – ఒక పాఠకురాలు, రెడింగ్

జవాబు: ముందుగా ఆ ఈమెయిల్ సంగతి. మన వైపు అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటే బేరం కుదిరినట్టే అనుకుంటాం కాబట్టి, ఏజెంట్ పంపిన మాట మీకు అంత గట్టిగా వినిపించి ఉంటుంది. ఇంగ్లండులో దానికి చట్టపరమైన బలం లేదు. స్థిరాస్తి ఒప్పందం అన్ని షరతులతో లిఖితపూర్వకంగా, ఇరుపక్షాల సంతకాలతో ఉండాలని 1989 నాటి చట్టం చెబుతోంది. అది జరిగేదాకా అమ్మేవారు ఎక్కువ ఇచ్చేవారి వైపు మళ్లినా, మీరు మనసు మార్చుకున్నా ఒకరినొకరు అడగడానికి ఏమీ ఉండదు. అప్పటికే సర్వేకు, సొలిసిటర్‌కు (కొనుగోలు పత్రాలు చూసే న్యాయవాదికి), కౌన్సిల్ సెర్చ్‌లకు (స్థానిక కౌన్సిల్ రికార్డుల తనిఖీకి) పెట్టిన ఖర్చు కూడా తిరిగి రాదు.

ఇద్దరినీ కట్టిపడేసే ఘట్టం ఎక్స్ఛేంజ్. మీరు తేదీ వేయకుండా సంతకం చేసిన కాంట్రాక్టు మీ సొలిసిటర్ ఫైల్లో ఉంటుంది. అవతలి సొలిసిటర్ దగ్గర అదే కాంట్రాక్టు అమ్మేవారి సంతకంతో ఉంటుంది. ఒక రోజు ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుని, రెండు ప్రతులూ ఒకటేనని సరిచూసుకుని, తేదీ వేసి, సమయం రాసుకుంటారు. మీరు అక్కడ ఉండనే ఉండరు, సబ్‌రిజిస్ట్రార్ ముందు వేలిముద్రలు వేయడం లాంటిది ఏదీ ఉండదు. కానీ ఆ నిమిషం నుంచి, సాధారణంగా ధరలో 10 శాతంగా కట్టే డిపాజిట్, అంటే మీ విషయంలో 36,000 పౌండ్లు, పణంగా ఉన్నట్టే. కంప్లీషన్ రోజున, అంటే మిగతా సొమ్ము కట్టి ఇల్లు చేతికి తీసుకోవలసిన రోజున, ఆ సొమ్ము సమకూరకపోతే, మామూలుగా వాడే షరతుల ప్రకారం 10 పని దినాల నోటీసు ఇస్తారు. ఆలోగా కట్టకపోతే డిపాజిట్ పోగొట్టుకోవలసి రావచ్చు. అందుచేత మీ రెండో ప్రశ్నకు జవాబు తేలకుండా ఎక్స్ఛేంజ్‌కు ఒప్పుకోవద్దని నా గట్టి సలహా.

ఆ రెండో ప్రశ్నలోనే అసలు డబ్బు ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం, మొదటిసారి ఇల్లు కొనేవారికి 5,00,000 పౌండ్ల లోపు ధర ఉంటే మొదటి 3,00,000 మీద స్టాంప్ డ్యూటీ లేదు, ఆపైన 5 శాతం. మీ ఫ్లాట్‌కు అది 3,000 పౌండ్లు. మామూలు కొనుగోలుదారులు 1,25,000 దాకా సున్నా, అక్కడి నుంచి 2,50,000 దాకా 2 శాతం, ఆపై 9,25,000 దాకా 5 శాతం లెక్కన 8,000 పౌండ్లు కడతారు. ఇంకో ఇల్లు ఉండగా కొనేవారికి మొత్తం ధర మీద మరో 5 శాతం, అంటే 18,000 పౌండ్లు కలిసి 26,000 అవుతుంది. ఇంకో ఇల్లు అంటే ఇంగ్లండులోనే ఉండాలని లేదు, ప్రపంచంలో ఎక్కడున్నా లెక్కే. ఇంటి విలువ, లేదా అందులో మన వాటా విలువ, 40,000 పౌండ్లు ఉంటే చాలు. మియాపూర్ ఫ్లాట్ ఆ గీతను సులువుగా దాటుతుంది. పైగా కలిసి కాపురం ఉంటున్న భార్యాభర్తలను ఈ అదనపు సుంకం విషయంలో ఒక్కరిగా చూస్తారు. కాబట్టి మీ ఒక్కరి పేరిట కొన్నా మీవారి ఫ్లాట్ మీ లెక్కలోకి వస్తుంది, అదనపు సుంకం పడిన కొనుగోలుకు మొదటి ఇంటి రాయితీ ఇవ్వరు. ఫ్లాట్ ఆయన చేతిలో ఉన్నంతకాలం మీరు కట్టవలసింది 26,000 పౌండ్లే.

హైదరాబాద్ ఫ్లాట్ సంగతి ఇక్కడ ఎవరికి తెలుస్తుందని కొందరు చెబుతారు, వినకండి. స్టాంప్ డ్యూటీ రిటర్న్‌ను కంప్లీషన్ అయిన 14 రోజుల్లో మీ తరఫున దాఖలు చేస్తారు, అందులోని ప్రతి మాటకూ బాధ్యులు మీరే.

రెండు పరీక్షలూ వేరని గుర్తుంచుకోవాలి. అదనపు సుంకానికి 40,000 పౌండ్ల గీత ఉంది, మొదటి ఇంటి రాయితీకి అలాంటి గీత లేదు. నా దగ్గరకు వచ్చిన ఒక జంటలో భర్తకు తాతగారి పెంకుటింట్లో వారసత్వంగా చిన్న వాటా వచ్చింది. దాని విలువ తక్కువ కాబట్టి అదనపు సుంకం పడలేదు, కానీ ఒకప్పుడు ఇంటిలో వాటా ఉన్నవారు మొదటిసారి కొనేవారు కారు కాబట్టి రాయితీ పోయింది. మీ పుట్టింటి వైపు ఏ భాగపంపకాల దస్తావేజులోనైనా మీ పేరు ఉందేమో ఇప్పుడే అడిగి తెలుసుకోండి. ఖాళీ ప్లాటు, పొలం ఇల్లు కావు కనుక వాటితో చిక్కు లేదు.

ఇక ఫ్లాట్ అమ్మాలా, ఉంచుకోవాలా? 18,000 పౌండ్లంటే ఆ ఫ్లాట్ మీద మీకు వచ్చే దాదాపు ఎనిమిదేళ్ల అద్దె. ఆ ప్రాంతంలో ధరలు పెరుగుతాయన్న నమ్మకం మీకెంత ఉన్నా, ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకున్నాకే నిర్ణయించుకోండి. నేనైతే అమ్మకం వైపే మొగ్గుతాను. తర్వాత అమ్మి ఆ సుంకం వెనక్కి తెచ్చుకునే వెసులుబాటు, అమ్మిన ఇల్లు కొనుగోలుకు ముందు మూడేళ్లలో ఎప్పుడైనా మీ నివాసంగా ఉంటేనే దొరుకుతుంది. మీరు ఇక్కడికి వచ్చి ఐదేళ్లయింది, అక్కడ అద్దెకున్నవారు ఉన్నారు, కాబట్టి అది మీకు వర్తించదు. అంటే కంప్లీషన్ కంటే ముందే అక్కడ సేల్ డీడ్ రిజిస్టర్ కావాలి. అగ్రిమెంటు రాసి అడ్వాన్సు తీసుకోవడం చాలదు. అత్తగారికి గిఫ్ట్ డీడ్ రాసి అద్దె మాత్రం మీవారి ఖాతాలోనే వేయించుకుంటే అది నిజమైన బదిలీ అనిపించుకోదు.

అమ్మిన తర్వాత ఇద్దరి పేరిట కొంటే 8,000, మీ ఒక్కరి పేరిట కొంటే 3,000 అవుతుంది. ఆ రెండో దారిలో మీవారికి ఇంటిలో వాటా ఏ రూపంలోనూ ఉండకూడదు, ఆయన పెట్టే సొమ్ము మీకిచ్చిన కానుకే కావాలి, బ్యాంకు కూడా అందుకు ఒప్పుకోవాలి. 5,000 పౌండ్ల కోసం, తన ఫ్లాట్ అమ్ముకున్న మనిషి పేరు కొత్త ఇంటి మీద లేకుండా చేయడం నాకు అంత నచ్చదు. అయితే అది మీ ఇద్దరూ మాట్లాడుకోవలసిన విషయం. భారత్‌లో ఎన్నారైగా అమ్మినప్పుడు కొనుగోలుదారు టీడీఎస్ పట్టుకుంటారు. తక్కువ పట్టేందుకు ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకోవడానికి వారాలు పడుతుంది. లాభాన్ని ఇక్కడి రిటర్న్‌లో కూడా చూపాలి, అక్కడ కట్టిన పన్నుకు మినహాయింపు దొరుకుతుంది.

నాన్నగారి పేరు కలపడం మాత్రం వద్దు. ఆయనకు గుంటూరులో ఇల్లుంది, పైగా ఆయన ఇక్కడ నివాసి కారు. కొనేవారిలో ఒక్కరు అలాంటివారైనా మొత్తం ధర మీద ఇంకో 2 శాతం పడుతుంది, అప్పుడు స్టాంప్ డ్యూటీ 33,200 పౌండ్లకు చేరుతుంది. ఆయన డబ్బును కానుకగా తీసుకోండి. అది అప్పు కాదని, ఇంట్లో తనకు వాటా అక్కర్లేదని ఆయన సంతకం చేసిన లేఖను బ్యాంకు, సొలిసిటర్ ఇద్దరూ అడుగుతారు. ఆ సొమ్ము ఎక్కడిదో చూపే స్టేట్‌మెంట్లు, పొలం అమ్మి ఉంటే దస్తావేజుకు ఆంగ్ల అనువాదం కూడా సిద్ధం చేయించండి. ఒకరు ఏడాదికి పంపే సొమ్ము 10 లక్షలు దాటితే, దాటిన భాగం మీద అక్కడి బ్యాంకు 20 శాతం టీసీఎస్ (పంపేవారి నుంచి ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తుంది. 25 లక్షలూ ఆయనే పంపితే 3 లక్షలు. రిటర్న్ వేసినప్పుడు అది సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా ఆ డబ్బు ఆయన చేతిలో ఉండదు. అమ్మగారికి సొంత పొదుపు ఉంటే ఆమె కొంత పంపడం మేలు.

మీరు ఆట్టే పట్టించుకోని విషయం 84 ఏళ్ల లీజు. నాలుగేళ్లు గడిచి అది 80 కిందికి దిగితే, పొడిగింపు ఖరీదులో అదనపు భాగం ఒకటి చేరుతుంది. 2024 చట్టంలో దాన్ని తీసేసే ఏర్పాటు ఉన్నా, అది అమలవుతుందన్న ఆశ మీద ధర ఒప్పుకోకండి. పొడిగింపు కోరడానికి రెండేళ్లు యజమానిగా ఉండాలన్న పాత నిబంధన 2025 జనవరి 31 నుంచి పోయింది కాబట్టి, ఇల్లు మీ పేరిట నమోదు కాగానే మీరు అడగవచ్చు. ఆ ఖర్చు ఎంతో సర్వేయర్‌తో అంచనా వేయించి ధరలో తగ్గించమని అడగండి. గడచిన మూడేళ్ల సర్వీస్ ఛార్జ్ లెక్కలు, రాబోయే పెద్ద మరమ్మతుల నోటీసులు కూడా తెప్పించుకోండి. అమ్మేవారు నింపే ఫారాల్లో ఏ కర్టెన్ రాడ్ ఉంచుతారో, ఏ లైటు తీసుకెళతారో కూడా ఉంటుంది, ఇరుగుపొరుగు తగాదాల ప్రశ్న కూడా ఉంటుంది. అందులో అబద్ధం రాస్తే తర్వాత అడిగే హక్కు మీకుంటుంది, అడగకుండా వదిలేసిన దానికి మాత్రం సాధారణంగా అమ్మేవారి పూచీ ఉండదు.

ఈ వారంలోనే సొలిసిటర్‌కు మియాపూర్ ఫ్లాట్ గురించి దాచకుండా రాసి, స్టాంప్ డ్యూటీ ఎంతో రాతపూర్వకంగా అడగండి. అక్కడి అమ్మకానికి ఎంత సమయం పడుతుందో తేలాక, కంప్లీషన్ తేదీని దాన్నిబట్టి ఏజెంట్‌తో మాట్లాడండి. అవతలివారు ఆగలేమంటే ఈ ఫ్లాట్‌ను వదులుకోవడానికి ఇప్పటికైతే మీకు అడ్డు లేదు. మీ అద్దె ఇంటికి ఖాళీ చేస్తామన్న నోటీసు మాత్రం ఎక్స్ఛేంజ్ అయ్యాకే ఇవ్వండి.