ఇంటి బ్రూయింగ్ ప్రశ్నలు – జవాబులు: సాఫ్ట్‌వేర్ చెప్పిన గ్రావిటీ ఎందుకు రావడం లేదు?

ఇంట్లో బీరు తయారుచేసేవాళ్ల నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే ఫిర్యాదు: రెసిపీ సాఫ్ట్‌వేర్‌లో ఓజీ (ఒరిజినల్ గ్రావిటీ: పులియకముందు ద్రవం నీటికంటే ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) ఒకటి చూపిస్తోంది, దాన్ని కొలిచే హైడ్రోమీటర్‌లో ఇంకోటి వస్తోంది. అన్నిటినీ కలిపి ఇస్తున్నాం.

ప్రశ్న: బీర్‌స్మిత్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెసిపీ వేసుకున్నాను. 10 పౌండ్ల టూ-రో (మామూలు బార్లీ మాల్టు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గింజ), 1 పౌండు క్రిస్టల్ 40 (రంగు, తీపి ఇచ్చే మాల్టు), ఫర్మెంటర్‌లోకి (పులియబెట్టే పాత్ర) ఐదున్నర గ్యాలన్లు, ఎఫిషియన్సీ (గింజలోని చక్కెరలో రాబట్టిన వాటా) 72 శాతం. ఓజీ 1.053 రావాలట. నాకు ఎప్పుడూ 1.048 దగ్గరే ఆగిపోతోంది. మాష్‌ను (గింజను వేడినీళ్లలో నానబెట్టడం) 60 నిమిషాల నుంచి 90కి పెంచి చూశాను, మార్పు లేదు. కెటిల్‌లో (మరిగించే పాత్ర) కొలిచి లెక్క వేస్తే మాత్రం 72 శాతం సరిగ్గా వస్తోంది.
— ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: మీ మాష్‌ను ఇక వదిలేయండి, దానిలో లోపం లేదు. చివరి వాక్యంలో మీరే జవాబు చెప్పేశారు: 72 శాతాన్ని కొలిచింది కెటిల్‌లో, వేసింది ఫర్మెంటర్‌కు సంబంధించిన గడిలో.

కాగితం మీద వేసి చూద్దాం. టూ-రో పౌండుకు ఒక గ్యాలన్‌లో సుమారు 37 పాయింట్లు (గ్రావిటీలో చుక్క తర్వాతి అంకె: 1.037 అంటే 37) ఇవ్వగలదు, క్రిస్టల్ 34. అంటే 370కి 34 కలిపి 404 పాయింట్లు. ఇది గింజలో ఉన్న మొత్తం చక్కెర సత్తా. అందులో 72 శాతం అంటే 291. ఈ 291ని సాఫ్ట్‌వేర్ ఐదున్నర గ్యాలన్లతో భాగించింది, 52.9 వచ్చింది, 1.053 అని చూపించింది. కానీ మీ కెటిల్‌లో మిగిలే వర్ట్ (మాష్‌లోంచి వచ్చిన తీపి ద్రవం) ఆరు గ్యాలన్లు. అర గ్యాలన్ హాప్స్ (చేదునిచ్చే పువ్వులు) మడ్డితో పాటు అడుగునే ఉండిపోతోంది. 291ని ఆరుతో భాగిస్తే 48.5. మీకు వస్తున్నది అదే.

బీర్‌స్మిత్ రెసిపీ పేజీలో అడిగేది బ్రూహౌస్ ఎఫిషియన్సీ, అంటే ఫర్మెంటర్ దాకా చేరిన చక్కెర వాటా. మీ విషయంలో 48.5ను 5.5తో గుణిస్తే 267, దాన్ని 404తో భాగిస్తే 66 శాతం. ఆ గడిలో 66 వేయండి, సాఫ్ట్‌వేరే 1.048 అంటుంది. ఎక్విప్‌మెంట్ ప్రొఫైల్‌లో ట్రబ్ (అడుగు మడ్డి) నష్టం అర గ్యాలన్ అని కూడా నింపండి. అప్పుడు మాష్ ఎఫిషియన్సీని తనే 72గా లెక్కగట్టి చూపిస్తుంది. బ్రూఫాదర్ అనే మరో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఈ రెండు అంకెలూ ప్రొఫైల్‌లో విడివిడిగా కనిపిస్తాయి కాబట్టి గందరగోళం కొంచెం తక్కువ. 1.053 కావాలనుకుంటే ఇంకో పౌండు టూ-రో వేయండి, నాలుగు పాయింట్ల పైచిలుకు పెరుగుతుంది.

ఇదే కొలమానంతో ఏ బ్యాచ్‌నైనా పరీక్షించవచ్చు. బాయిల్‌లో, అంటే వర్ట్‌ను మరిగించేటప్పుడు, ఆవిరైపోయేది నీరే, చక్కెర ఎక్కడికీ పోదు. కాబట్టి బాయిల్‌కు ముందు వాల్యూమ్‌ను గ్రావిటీ పాయింట్లతో గుణిస్తే వచ్చేదీ, తర్వాత గుణిస్తే వచ్చేదీ ఒకటే కావాలి. వేడి వర్ట్ చల్లారితే 4 శాతం కుంచించుకుపోతుంది. మరుగుతున్నప్పుడు ఏడున్నర గ్యాలన్లు అని గీత చూపిస్తే అసలు లెక్క 7.2 మాత్రమే. ఆ 7.2కు 40.4 చొప్పున 291. రెండు లెక్కలూ కలవకపోతే మీ గ్యాలన్ల కొలతే తప్పు. కెటిల్ మీద అచ్చువేసి వచ్చిన గీతల్ని నమ్మకుండా, చన్నీళ్లు తూకం వేసి పోస్తూ సొంతంగా గీతలు పెట్టుకోండి: అమెరికన్ గ్యాలన్ నీరు 3.785 కిలోలు. రెండు లెక్కలూ కలిసి, బాయిల్‌కు ముందే పాయింట్లు తక్కువగా ఉంటే అప్పుడు గింజలు పగలగొట్టే మిల్లు వైపు చూడాలి. రోలర్ల మధ్య సందు ఒక మిల్లీమీటరు కంటే బాగా ఎక్కువుంటే గింజలు పగలకుండానే జారిపోతాయి.

ప్రశ్న: 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర శాంపిల్ 1.044 చూపింది. టెంపరేచర్ కరెక్షన్ టూల్‌లో వేస్తే 1.050 అయింది. ఆ 1.050ని బ్రూ రోజు పేజీలో, శాంపిల్ వేడి 100 అని చెప్పి వేస్తే 1.056 అయింది! ఏది నిజం?
— షార్లెట్, నార్త్ కరోలినా

జవాబు: 1.050. ఒకే సవరణ రెండుసార్లు పడింది. సవరించిన అంకె వేసేటప్పుడు శాంపిల్ వేడిని హైడ్రోమీటర్ మీద రాసి ఉన్న ఉష్ణోగ్రతగానే ఇవ్వాలి. అది కొన్నిటిమీద 60, కొన్నిటిమీద 68 ఫారెన్‌హీట్. తప్పుగా ఎంచుకుంటే దాదాపు ఒక పాయింటు తేడా. సవరణ లెక్క ఎంత బాగున్నా వేడి శాంపిల్ మీద పూర్తి నమ్మకం వద్దు, గదివేడికి రానిచ్చి చూడండి. మామూలు నీళ్లలో, రాసి ఉన్న ఉష్ణోగ్రత దగ్గర 1.000 రావాలి. 1.002 వస్తే ప్రతి రీడింగులోనూ రెండు తీసేయండి.

ప్రశ్న: తేలికపాటి లాగర్ బీరు కోసం 10 పౌండ్ల టూ-రోలో రెండు పౌండ్లు తగ్గించి సోనా మసూరి బియ్యం వేశాను. కడిగి, మాల్టుతో పాటే మాష్‌లో పోశాను. సాఫ్ట్‌వేర్‌లో 'ఫ్లేక్డ్ రైస్' అని ఎంచుకున్నాను. 70 శాతం ఎఫిషియన్సీకి ఐదున్నర గ్యాలన్లలో 1.046 అంది. వచ్చింది 1.038.
— ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: బియ్యం గడిని సున్నా చేసి చూడండి. ఎనిమిది పౌండ్ల మాల్టుకు 296 పాయింట్లు, అందులో 70 శాతం 207, ఐదున్నరతో భాగిస్తే 37.7. అంటే మాల్టు తన వంతు పూర్తిగా ఇచ్చింది; బియ్యం ఏమీ ఇవ్వలేదు, గింజ గింజలాగే ఉండిపోయింది.

ఫ్లేక్డ్ రైస్ అంటే ఆవిరిలో ఉడికించి అదిమిన అటుకులు. వాటి పిండిపదార్థం అప్పటికే ఉడికి విడిపోయి ఉంటుంది కాబట్టి మాల్టు ఎంజైములు వెంటనే పని మొదలెడతాయి. పచ్చి బియ్యం అలా కాదు. బార్లీ పిండి మాష్ వేడికే, అంటే 65–67 డిగ్రీల సెల్సియస్‌కే ఉడుకుతుంది. బియ్యంలో చాలా రకాలకు 70 దాటాలి. మీరు వేసింది పచ్చివో ఉడికినవో సాఫ్ట్‌వేర్‌కు తెలిసే దారి లేదు. జాబితాలో ఎంచుకున్న పేరును బట్టి పాయింట్లు కలిపేస్తుంది.

కాబట్టి అన్నం వండి వేయండి. రెండు పౌండ్లు, అంటే 900 గ్రాముల బియ్యానికి నాలుగు లీటర్ల నీళ్లు పోసి, పసిపిల్లలకు పెట్టే అన్నంలా మెత్తగా, గుజ్జుగా ఉడికించాలి. గంజి మాత్రం వార్చకండి, పిండిలో కొంత భాగం దాంతోనే పోతుంది. ఉడికినదాన్ని 70 డిగ్రీల దగ్గరకు చల్లార్చి మాష్‌లో కలిపి బాగా తిప్పాలి. పొగలు కక్కుతుండగా దించితే మాష్ వేడి పెరిగి ఎంజైములు దెబ్బతింటాయి.

ఇక్కడే రెండో తప్పు కాచుకుని ఉంటుంది. అన్నంతో పాటు వెళ్లిన ఆ నాలుగు లీటర్లూ, అంటే గ్యాలన్ పైచిలుకు, సాఫ్ట్‌వేర్ లెక్కలో లేవు. మాష్ నీళ్లలోంచి అంత తగ్గించకపోతే బాయిల్‌కు ముందు 7.2 గ్యాలన్లు ఉండాల్సిన చోట 8.2 ఉంటాయి. చక్కెర మొత్తం సరిగ్గానే ఉన్నా గ్రావిటీ మళ్లీ తక్కువే కనిపిస్తుంది, మీరు మళ్లీ బియ్యాన్నే తిట్టుకుంటారు. అరపౌండు రైస్ హల్స్ (వరి పొట్టు) కలపడం మరవొద్దు, లేకపోతే వర్ట్ దిగదు. టూ-రోలో ఎంజైముల బలం ఎక్కువ, ఐదో వంతు బియ్యాన్ని సులువుగా మోస్తుంది. ఎంజైముల బలం తక్కువున్న మ్యూనిక్ మాల్టు మీదే ఆధారపడ్డ రెసిపీలో అంత ధీమా పనికిరాదు.

ప్రశ్న: స్టౌట్‌లో (నల్లటి బీరు) ఇండియన్ స్టోర్‌లో కొన్న బెల్లం ఒక పౌండు వేద్దామనుకుంటున్నాను. జాబితాలో దొరకలేదు. కొత్త పదార్థంగా ఎలా చేర్చాలి?
— బోథెల్, వాషింగ్టన్

జవాబు: ముందుగా రకం. దాన్ని 'షుగర్' అని ఎంచుకోవాలి. కొత్త పదార్థం చేర్చేటప్పుడు 'గ్రెయిన్' అని ఉండిపోతే, మాష్ ఎఫిషియన్సీ దానిమీదా పడుతుంది. కెటిల్‌లో నేరుగా కరిగే బెల్లంలో మూడో వంతు మాయమైనట్టు లెక్క వస్తుంది. తేనెకూ, మాల్ట్ ఎక్స్‌ట్రాక్టుకూ (చిక్కబరిచిన లేదా పొడిచేసిన వర్ట్) ఇదే నియమం.

ఇక పాయింట్లు. పంచదారకు పౌండుకు 46. బెల్లంలో తేమ, మట్టి, పీచు ఎంతెంతో ఒక్కో దిమ్మెకు ఒక్కో తీరు కాబట్టి కొలవడమే మార్గం. తురిమిన బెల్లం సరిగ్గా 100 గ్రాములు గోరువెచ్చని నీళ్లలో కరిగించి, చల్లారాక మొత్తం ఒక లీటరు అయ్యేలా నీళ్లు పోసి, మడ్డి పేరుకున్నాక పైతేట మీద హైడ్రోమీటర్ వేయండి. శుద్ధమైన పంచదారైతే 1.038 దాటి చూపుతుంది. మీ బెల్లం 1.035 చూపిందనుకోండి, 35ను 1.2తో గుణిస్తే 42. పొటెన్షియల్ గడిలో 1.042 అని వేయండి.

ప్రశ్న: ఓజీ కొలిచిన రోజు రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంపును బట్టి చక్కెర కొలిచే పరికరం) 12.5 బ్రిక్స్ (చక్కెర శాతం) చూపింది. పద్నాలుగు రోజుల తర్వాత 6.2 దగ్గర కదలకుండా ఉంది. సాఫ్ట్‌వేర్‌లో మారిస్తే 1.024. ఈస్ట్ మళ్లీ వేయాలా?
— మెల్‌బోర్న్

జవాబు: వేయొద్దు, మీ బీరు పూర్తయినట్టే ఉంది. రిఫ్రాక్టోమీటర్ చూసేది కాంతి ఎంత వంగిందన్నది మాత్రమే. ఆల్కహాల్ కూడా నీటికంటే ఎక్కువ వంచుతుంది, అందుకే పులిసిన బీరులో రీడింగు ఎక్కువగా కనిపిస్తుంది. 6.2ను ఒంటరిగా మామూలు బ్రిక్స్ మార్పిడిలో వేశారు కాబట్టి 1.024 వచ్చింది. రిఫ్రాక్టోమీటర్ టూల్‌లో 'పులిసిన వర్ట్' ఎంపిక తీసుకుని, మొదటి 12.5, ఇప్పటి 6.2 రెండూ ఇవ్వండి. వర్ట్ కరెక్షన్ (రీడింగును సరిచేయడానికి భాగించే అంకె) 1.04తో వాడుకలో ఉన్న క్యూబిక్ సూత్రం 1.011, 1.012 మధ్య చెబుతుంది. ఆ 1.04 సాధారణంగా వాడే విలువే గాని అందరికీ ఒకటి కాదు. పులియని వర్ట్‌నే రెండు పరికరాలతోనూ కొలిచి, రిఫ్రాక్టోమీటర్ బ్రిక్స్‌ను హైడ్రోమీటర్ చెప్పిన ప్లేటోతో (బ్రిక్స్ లాంటిదే మరో చక్కెర కొలత) భాగిస్తే మీది తెలుస్తుంది. సీసాల్లో పోసే ముందు మాత్రం గ్యాస్ పోగొట్టిన శాంపిల్ మీద హైడ్రోమీటరే వాడండి. ఇంకా పులుస్తున్న బీరును మూత బిగిస్తే సీసాలు పగులుతాయి.

ప్రశ్న: 3.3 పౌండ్ల లిక్విడ్ ఎక్స్‌ట్రాక్టు డబ్బాలు రెండు, ఒక పౌండు డ్రై ఎక్స్‌ట్రాక్టు. రెండున్నర గ్యాలన్లు మరిగించి, ఫర్మెంటర్‌లో నీళ్లు పోసి ఐదు చేశాను. 1.056 రావాల్సింది, 1.038 వచ్చింది.
— ఆస్టిన్, టెక్సస్

జవాబు: డబ్బా పూర్తిగా గీకి వేసి, నీళ్లు సరిగ్గా ఐదుకే ఆపితే ఎక్స్‌ట్రాక్టులో ఓజీ తప్పడానికి దాదాపు వీల్లేదు: 6.6ను 36తో గుణిస్తే 238, దానికి డ్రై ఎక్స్‌ట్రాక్టు 44 కలిపి 282, ఐదుతో భాగిస్తే 56. మీ శాంపిల్ పైన తేలిన పలచటి నీళ్లలోంచి వచ్చింది. చిక్కటి వర్ట్ అడుగున ఉంటుంది. కుళాయి నుంచి తీసి ఉంటే 1.070 కూడా చూసేవారు. శుభ్రం చేసిన గరిటెతో రెండు మూడు నిమిషాలు గట్టిగా తిప్పాక కొలవాలి. ఈ బ్యాచ్‌కు 1.056 అనే రాసుకోండి.

ప్రశ్న: పాత ఇంగ్లిష్ రెసిపీ, ఐదు గ్యాలన్లు. యథాతథంగా సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తే ఓజీ మరీ ఎక్కువ చూపిస్తోంది.
— లెస్టర్

జవాబు: అది ఇంపీరియల్ గ్యాలన్: ఐదు అంటే 22.7 లీటర్లు. సాఫ్ట్‌వేర్ అమెరికన్ గ్యాలన్ అనుకుని 18.9 లీటర్లకు లెక్కగట్టింది. యూనిట్లను లీటర్లకు మార్చి 22.7 వేయండి, పని అయిపోతుంది.

ప్రశ్న: ఇవన్నీ చదువుతుంటే ఇంట్లో మొదలెట్టాలనిపిస్తోంది. ఇక్కడ చేయొచ్చా?
— హైదరాబాద్

జవాబు: చేయకూడదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టాల ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారీ నేరం, సొంతానికైనా సరే. అమెరికాలో 1978 నాటి ఫెడరల్ చట్టం ఇంటి అవసరానికి ఒక పెద్దవారున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 దాకా అనుమతిస్తుంది, అమ్మకం కుదరదు.

ప్రశ్న: ఓజీ 1.090, ఎఫ్‌జీ (పులిశాక చివరి గ్రావిటీ) 1.018. ఒక సాఫ్ట్‌వేర్ ఏబీవీ (ఆల్కహాల్ శాతం) 9.45 అంటే ఇంకోటి 10.25 అంటోంది.
— టొరంటో

జవాబు: మొదటిది ఓజీ, ఎఫ్‌జీల తేడాను 131.25తో గుణించే సులువు సూత్రం. రెండోదానిలో ఓజీ పెరిగేకొద్దీ ఆ గుణకం కూడా పెరుగుతుంది. 1.048 నుంచి 1.012 వంటి మామూలు బీరులో రెండింటికీ తేడా పదో వంతు శాతమే. బార్లీవైన్, ఇంపీరియల్ స్టౌట్ లాంటి ఘాటైన బీర్లకు రెండోదాన్ని తీసుకోండి. చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఏ సూత్రం వాడాలో సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు.