అద్దంలాంటి నీళ్లలో బ్యాక్టీరియానా?

ప్రశ్న: మా వీధివాళ్లందరం తాగే చేతిపంపు నీళ్లు అద్దంలా ఉంటాయి, వాసన కూడా ఉండదు. అయినా పరీక్షలో ఈ.కోలై ఉందని వచ్చింది. బ్లీచింగ్ వేస్తే సరిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: ముందు ఇవాళ్టి నుంచే కాచి తాగండి, మిగతావన్నీ తర్వాత. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరిగితే చాలు, చల్లారాక అదే గిన్నెలో మూతపెట్టి ఉంచండి, అందులో చెయ్యి ముంచొద్దు. ఈ.కోలై మనుషుల, జంతువుల పేగుల్లో ఉండే బ్యాక్టీరియా. అది నీళ్లలో దొరికిందంటే ఎక్కడో మలం కలుస్తోందనే అర్థం, కంటికి కనపడదు కాబట్టి తేటగా ఉన్నాయని నమ్మడానికి లేదు. 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

బ్లీచింగ్ పనిచేస్తుంది, కానీ మురుగు దిగే దారి మూయకపోతే నాలుగు రోజుల్లో మళ్లీ మొదటికే వస్తారు. పంపు చుట్టూ ఉన్న చప్టా దగ్గర కూర్చుని చూడండి, వెంట్రుకంత పగులున్నా అక్కడ నిలిచిన నీళ్లు గొట్టం వెంబడే కిందికి జారతాయి. 30 మీటర్ల లోపు మరుగుదొడ్డి గుంత ఉందేమో కూడా చూడండి. పగులు పూడ్చి, క్లోరిన్ వేయించి, ఆ వాసన పూర్తిగా పోయాక మళ్లీ పరీక్ష చేయించండి. ఈలోపు పసిపిల్లలకు విరేచనాలైతే ఓఆర్‌ఎస్ పట్టిస్తూ డాక్టరుకు చూపించండి, ఆలస్యం చేయొద్దు.